కొత్త దేశంలో కుదురుకుంటున్న విశ్వాసులకు: ఏది ముందు, ఏది తర్వాత

విదేశానికి వచ్చిన కొత్తలో చేయాల్సిన పనుల చిట్టా అందరి దగ్గరా ఉంటుంది. బ్యాంకు ఖాతా, సిమ్, అద్దె ఇల్లు, పిల్లల స్కూలు. చర్చి, అంటే సంఘం సంగతి మాత్రం "కాస్త కుదురుకున్నాక చూద్దాంలే" అని పక్కన పెట్టేస్తాం. ఆ కుదురుకోవడం ఒక పట్టాన తెమలదు. ఎవరూ విశ్వాసాన్ని ఒక్కరోజులో వదిలెయ్యరు. మొదట ఉండాల్సింది మెల్లగా చివరికి జరిగిపోతుంది, అంతే.

బైబిల్లో అబ్రాము కనాను దేశంలో షెకెము, బేతేలు, హెబ్రోను ప్రాంతాల్లో తిరిగాడు. ఆ మూడు చోట్లా దేవుణ్ణి ఆరాధించడానికి బలిపీఠం కట్టాడు. లోతు ఆయనతో వచ్చినవాడే. నీళ్లు పుష్కలంగా ఉన్న యొర్దాను మైదానం ఎంచుకుని, సొదొమ దగ్గర డేరా వేసుకున్నాడు. అతను బలిపీఠం కట్టినట్టు ఎక్కడా రాసి లేదు. ఇల్లు వెతికేటప్పుడు అద్దె, ఆఫీసు దూరం, స్కూలు అన్నీ చూస్తాం కదా, ఇక్కడి నుంచి ఆదివారం ఆరాధనకు ఎలా వెళ్తామన్నది కూడా అప్పుడే చూసుకోండి. ఒప్పందం మీద సంతకం పెట్టాక అడిగి లాభం లేదు.

సంఘాన్ని ఎంచుకోవడానికి అపొస్తలుల కార్యములు 2:42 చాలు: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. పాటలు బాగుండటం, పార్కింగ్ దొరకడం మంచివే, కానీ ఆ తర్వాత. తెలుగు సహవాసమా, స్థానిక సంఘమా అని చాలామంది అడుగుతారు. తెలుగులో ప్రార్థిస్తేనే మనసు తేలికపడేవాళ్లు ఉంటారు, అందులో తప్పేమీ లేదు. పిల్లలకు ఏ భాషలో వాక్యం అర్థమవుతుందో అదీ చూడాలి. నా మాట అడిగితే, దూరంగా ఉన్న నచ్చిన సంఘానికి నెలకోసారి వెళ్లేకంటే దగ్గర్లోని మంచి సంఘానికి ప్రతివారం వెళ్లడమే మేలు. మన ఊరి పాస్టర్ గారి లైవ్ చూడండి, వద్దనను. కానీ మీకు జ్వరమొచ్చి మంచమెక్కితే ఆ లైవ్ వచ్చి తలుపు తట్టదు.

సంఘంలో చేరాక ఇంకో చిక్కు మొదలవుతుంది, దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మీకు కీబోర్డు వచ్చని తెలిస్తే నెల తిరిగేసరికి క్వైర్, సండే స్కూలు, కుర్చీలు సర్దడం, వాట్సాప్ గ్రూపు అన్నీ మీ నెత్తిన పడతాయి. ఆదివారం రాత్రి ఇంటికొచ్చాక, పొద్దున విన్న వాక్యభాగం ఏదో గుర్తుండదు. లూకా 10లో మార్త చేస్తున్నది యేసుకు ఆతిథ్యమే, చెడ్డ పనేమీ కాదు. అయినా ఆమె తొందర చూసి ప్రభువు "అవసరమైనది ఒక్కటే" అన్నాడు. కాబట్టి కొత్తలో ఒక్క బాధ్యత తీసుకోండి, చాలు. మిగతావాటికి "ఇప్పుడే కాదండీ" అంటే పాస్టర్ గారు ఏమీ అనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

వారాంతం షిఫ్టులు ఉన్నవాళ్ల కష్టం వేరు. చేరేటప్పుడే మేనేజరును అడిగి చూడండి, కుదరకపోతే వారం మధ్యలో జరిగే ప్రార్థన కూడిక ఒకటి పట్టుకోండి. రోజువారీ ప్రార్థనకు మాత్రం షిఫ్టు సాకు పనికిరాదు. దానియేలు పరాయి దేశంలో రాజు కొలువులో పెద్ద అధికారి, పనికి కొదవ లేదు. అయినా రోజుకు మూడుసార్లు మోకరించేవాడు. ప్రార్థన మీద నిషేధం వచ్చిన రోజు కూడా ఎప్పటిలాగే చేశాడు. ఆ అలవాటు అంతకుముందే ఉంది కాబట్టి చేయగలిగాడు. ఒక చిన్న సలహా: బైబిల్ ఫోన్‌లో కాకుండా పుస్తకంలో చదవండి. ఫోన్ తీస్తే కీర్తన కంటే ముందు ఆఫీసు మెయిల్ కనిపిస్తుంది, ఇక టెన్షన్ మొదలు.

ముసుగు వేసుకోవాలా, చప్పట్లు కొట్టొచ్చా లాంటి వాదనలు ఇక్కడా ఎదురవుతాయి. పుదీనాలో పదో వంతు లెక్కగా ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేసినవాళ్లను యేసు ఏమన్నాడో మత్తయి 23లో ఉంది. అది చదివి ఊరుకోండి.

బైబిల్లోని అకుల, ప్రిస్కిల్ల దంపతులు కూడా మనలాగే ఊరు మారినవాళ్లు. యూదులు రోమా విడిచిపోవాలని క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞాపిస్తే కొరింథుకు వచ్చారు. డేరాలు కుట్టుకుని బతుకుతూనే అపొస్తలుడైన పౌలుకు తమ ఇంట్లో చోటిచ్చారు. తర్వాత ఎఫెసులో వాళ్లింట్లోనే సంఘం కూడుకుంది. మీది ఒక్క గది ఇల్లయినా సరే, వారంలో ఒక సాయంత్రం నలుగురు కూర్చుని ప్రార్థించుకోవడానికి సరిపోతుంది. మీ తర్వాత వచ్చిన కొత్తవాళ్లను ముందు పిలవండి. పాటలు మాత్రం కాస్త నెమ్మదిగా పాడండి, గోడ అవతల పక్కింటివాళ్లు ఉంటారు.