చింతపిక్కలతో బొరోడినో

మా పర్లాకిమిడి అరుగు మీద ట్యూషన్ పిల్లలకి 1812 సెప్టెంబరు 7న మాస్కో దారిలో బొరోడినో దగ్గర ఫ్రెంచివాళ్లకీ రష్యాకీ జరిగిన యుద్ధం ఇలా చెప్తాను. పిక్క ఒక్కటికి వెయ్యిమంది. పడమట నెపోలియన్‌కి సుమారు 130 చింతపిక్కలు, తూర్పున రష్యా సేనాపతి కుతుజోవ్‌కి 120 బొబ్బర్లు. (ఒకసారి వేపిన సెనగలు పెట్టాను; యుద్ధం మొదలవకుండానే రష్యా సైన్యాన్ని నమిలేశారు.) ముగ్గుతో కొలోచా ఏరు గీయండి. నడిమధ్య ప్రమిద బోర్లిస్తే రష్యా ఫిరంగులున్న రయెవ్‌స్కీ దిబ్బ. దానికి దక్షిణంగా, విరిచిన అగ్గిపుల్లలు బాణంమొనల్లా పెడితే రష్యా జనరల్ బాగ్రతియోన్ మట్టికోటలు. పొద్దున్న రక్తపాతమంతా ఇక్కడే, తొందరపడకండి: కోటలు చేతులు మారినప్పుడల్లా రెండువైపులా గింజలు తీసి గిన్నెలో వెయ్యాలి. బాగ్రతియోన్ గాయపడతాడు, మధ్యాహ్నం ప్రమిద ఫ్రెంచివాళ్ల చేతికి పోతుంది. నెపోలియన్ మేటి సైనికుల గార్డు దళమని పక్కన పెట్టిన పిక్కల్ని మాత్రం ముట్టుకోనివ్వకండి, నెపోలియనే కదపలేదు. చివర్లో గిన్నె లెక్కపెట్టించండి, సుమారు 70 రావాలి, అంటే చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి డెబ్బైవేలు.