పనిముట్లు మోసే ఎలక్ట్రిక్ సైకిల్: విశాఖ ఎత్తుపల్లాల్లో ఎంచుకోవడం, నడపడం

ఏసీ, ప్లంబింగ్ లాంటి పనులకు సామాను మోసుకెళ్లడానికి ఎలక్ట్రిక్ సైకిల్ కొనాలనుకుంటే, షాపుకెళ్లే ముందు రసమట్టం పట్టుకుని, మీరు ఎక్కువగా పనికెళ్లే దారిలో ఎత్తు రోడ్డు దగ్గరికెళ్లండి. బీచ్ రోడ్డు నుంచి సిరిపురం, పెదవాల్తేరు వైపు ఎక్కే సందులైనా సరే, హనుమంతవాక దాటాక ఎండాడ వైపు ఎక్కే హైవే అయినా సరే. మీటరు పొడవు మట్టాన్ని రోడ్డు వాలు వెంబడి పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా పల్లం వైపు కొస పైకెత్తండి. ఆ కొస కింద 8 సెంటీమీటర్లు ఖాళీ వస్తే అది 8 శాతం ఎత్తు. ఏ మోటారు కొనాలో ఈ కొలతే చెబుతుంది.

ఎలాగంటే, బండి 40 కేజీలు, మనిషి 70, సామాను 40, మొత్తం 150 కేజీలు. 8 శాతం ఎత్తు మీద గంటకు 7 కిలోమీటర్లతో ఎక్కడానికే చక్రం దగ్గర 260 వాట్లు కావాలి, 10 కిలోమీటర్లతో అయితే 375. లైసెన్సు, రిజిస్ట్రేషన్ గొడవ లేకుండా తిరగాలంటే మోటారు 250 వాట్లలోపు, వేగం 25 కిలోమీటర్లలోపు ఉండాలి, బ్యాటరీ తీసేస్తే బండి బరువు 60 కేజీలు దాటకూడదు. కాబట్టి ఎత్తుల్లో మీ కాళ్లూ పనిచేయాల్సిందే. చక్రంలో ఉండే హబ్ మోటారు నెమ్మదిగా తిరిగేటప్పుడు కరెంటులో చాలా భాగాన్ని వేడికే పోగొడుతుంది. కాలిన వాసన వచ్చిందంటే వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) పోతున్నట్టే, దిగి నెట్టుకెళ్లండి. పెడళ్ల దగ్గరుండే మిడ్ డ్రైవ్ మోటారు సైకిల్ గేర్లను వాడుకుంటుంది కాబట్టి కొండదారులకు అదే మేలు. చెయిన్ మాత్రం తొందరగా అరుగుతుంది, గేరు మార్చే క్షణంలో పెడల్ మీద బలం తగ్గించాలి. గాజువాకలాంటి చదును చోట తిరిగేవాళ్లకు 20 అంగుళాల చక్రంలో హబ్ మోటారు చాలు, ఖర్చూ తక్కువ.

48 వోల్టుల 20 ఆంపియర్-అవర్ బ్యాటరీ అంటే 960 వాట్-అవర్లు. అందులో 770 వాడుకుంటారనుకోండి. చదునులో కిలోమీటరుకు 20 వాట్-అవర్ల చొప్పున 38 కిలోమీటర్లు, ఎత్తుల్లో 30 చొప్పున 25 వస్తాయి. డబ్బా మీద రాసిన దూరం ఖాళీ బండిది. ఫుల్ చార్జికి యూనిట్ (1000 వాట్-అవర్లు) కొంచెం పైన కరెంటు పడుతుంది, మామూలు 5 ఆంపియర్ల సాకెట్ సరిపోతుంది. ఎత్తెక్కి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టకండి, అరగంట చల్లారనివ్వండి. 13 సెల్స్ వరసగా ఉండే 48 వోల్టుల బ్యాటరీ ప్యాక్ నిండితే 54.6 వోల్టులు. చార్జర్ తీసిన గంటకు మల్టీమీటరులో 53 కంటే తక్కువ చూపిస్తే చార్జరైనా, ఏదో ఒక సెల్ అయినా బలహీనపడినట్టే.

లోడు విషయానికొస్తే, వాక్యూమ్ పంపు, డ్రిల్లింగ్ మిషన్ లాంటి బరువులు రెండు చక్రాల మధ్య, వీలైనంత కిందకి ఉండాలి. వెనక కొసకి పెడితే ఎత్తులో ముందు చక్రం తేలిపోతుంది. 10 అడుగుల పైపుని షాపులోనే 5 అడుగులకు కోయించుకోండి, లేదంటే ఆటోలో పంపించేయడమే నయం. పాత ట్యూబు చీలికలతో కట్టడం తేలికపాటి సామానుకే. పనిముట్ల పెట్టెకు రాట్చెట్ బెల్టు (మీటతో బిగించే పట్టీ) వేయండి. కట్టాక సీటు పట్టుకుని గట్టిగా ఊపితే ఏమైనా గలగలమంటే మళ్లీ కట్టాలి.

ఇక ఉప్పు గాలి. వారానికోసారి బకెట్ నీళ్లతో గుడ్డ పెట్టి తుడవండి. ఏసీ సర్వీసు ప్రెజర్ పంపు చేతిలోనే ఉంది కదా అని దాంతో కొట్టొద్దు: నీళ్లు సీళ్లు దాటి బేరింగుల్లోకీ కనెక్టర్లలోకీ పోతాయి. కనెక్టర్ విప్పినప్పుడు పిన్నుల మీద పచ్చటి చిలుము కనిపిస్తే శుభ్రం చేసి, డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాయండి. దిగుడులో బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకండి, నొక్కి వదులుతూ దిగండి. ప్యాడ్ మందం మిల్లీమీటరుకి వస్తే మార్చేయాలి.

వానాకాలంలో రోడ్డు మీద నీళ్లు ఇరుసు దాకా వస్తే హబ్ బండిని వేరే దారిలో తిప్పండి. మోటారు వైరు ఇరుసులోంచే లోపలికెళ్తుంది, నీళ్లూ అక్కడినుంచే దూరతాయి.