సామాజిక శాస్త్రాలు చదవాలంటే ముందు ప్రశ్న పట్టుకోండి

పలు శాస్త్రాలు కలిపి చదివే లిబరల్ ఆర్ట్స్‌లో చేరిన మొదటి సెమిస్టర్ అంతా నేను నిర్వచనాలు బట్టీపట్టాను. మార్కులు వచ్చాయి కానీ, సొంతంగా ఒక్క ప్రశ్న వేయడం రాలేదు. మీకు ఆ కాలం వృథా కాకూడదు.

ఏ వ్యాసం చదివినా మూడు విషయాలు రాసుకోండి: రచయిత ప్రశ్న ఏమిటి, చూపిన ఆధారం ఏమిటి, ఆ ఆధారానికి వేరే వివరణ ఉందా. మూడోదాని మీదే ఎక్కువసేపు కూర్చోండి.

ఒకే విషయాన్ని పలు శాస్త్రాల కళ్లతో చూడటం ఈ చదువులో నాకు అన్నిటికన్నా ఇష్టం. 1915-18 మధ్య మానవశాస్త్రవేత్త బ్రోనిస్లావ్ మలినోవ్‌స్కీ ఇప్పటి పపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి, అక్కడి భాష నేర్చుకుని ‘కులా’ అనే మార్పిడిని గమనించారు. గవ్వల హారాలు ఒక దిశలో, కంకణాలు దానికి ఎదురు దిశలో దీవి నుంచి దీవికి తిరుగుతాయి. ఎవరూ వాటిని శాశ్వతంగా దాచుకోరు. ఇది వ్యాపారమా, స్నేహమా, హోదా కోసం పోటీయా? అర్థశాస్త్రం, మానవశాస్త్రం, రాజనీతిశాస్త్రం తరఫున ఒక్కో పేరా రాసి చూడండి. ఏ శాస్త్రం దేన్ని వదిలేస్తుందో అప్పుడు తెలుస్తుంది.

గణాంకశాస్త్రం కోర్సును చివరి ఏడాదికి నెట్టకండి. నేను నెట్టి చాలా నష్టపోయాను. సగటుకూ మధ్యగతానికీ (విలువలన్నీ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేదానికీ) తేడా తెలియకుండా ఆదాయ అసమానత గురించి చదవడం కష్టం.

వారానికో గంట గ్రంథాలయంలో కూర్చుని మనుషులను గమనించండి. నోటుపుస్తకంలో ఎడమ పేజీలో కంటికి కనిపించింది మాత్రమే, కుడి పేజీలో మీ ఊహ. మొదట్లో రెండూ కలిసిపోతాయి. ఎవరి పేర్లూ రాయకండి.