సిగ్నల్ పోయినప్పుడు పాత రీడింగులు పోగుపడకుండా

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. అక్కడి నుంచి వెబ్ పేజీ ద్వారా చెరువు నీటిలోని ఆక్సిజన్ రీడింగులు సర్వర్‌కు పంపడానికి సాకెట్.ఐఓ (బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య అప్పటికప్పుడు సందేశాలు చేరవేసే ప్రోగ్రామింగ్ లైబ్రరీ) వాడేవాళ్లు ఒకటి గమనించండి. కనెక్షన్ తెగినప్పుడు ఎమిట్ చేసినవన్నీ, అంటే పంపమన్నవన్నీ, అది బ్రౌజర్‌లోనే దాచి, తిరిగి కలవగానే ఒక్కసారిగా వదులుతుంది. తెల్లవారుజామున, ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, అరగంట కిందటి అంకెను ఇప్పటిదనుకుంటే ఏరేటర్ (నీటిలోకి గాలి కలిపే యంత్రం) వేయడం ఆలస్యమైపోతుంది.

మామూలు రీడింగులకు సాకెట్.వోలటైల్.ఎమిట్ వాడండి. లైన్ లేకపోతే ఆ రీడింగ్ పోతుంది, పోనివ్వండి, తర్వాతది వస్తుంది కదా. కొలిచిన సమయం కూడా జతచేయండి.

ప్రమాద హెచ్చరిక మాత్రం పోకూడదు. దానికి టైమౌట్(5000), అంటే ఐదు సెకన్ల గడువు పెట్టి, ఆలోగా సర్వర్ నుంచి అందిందన్న జవాబు రాకపోతే మళ్లీ పంపండి, గట్టు మీదున్న ఫోన్‌నూ గట్టిగా మోగించండి.