మెదడులో మాట కేంద్రం దగ్గర ట్యూమర్ సర్జరీయా? ముందు ఇవి చూసుకోండి

డీటీఐ స్కాన్ తీశారా అని అడగండి. మెదడు లోపలి నరాల కట్టలు ఎటు వెళ్తున్నాయో మ్యాప్‌లా చూపే ఎంఆర్ఐ ఇది. మెదడు పైపొర దెబ్బతింటే ఆ పనిని పక్క భాగాలు కొంతవరకు అందుకోగలవు. లోపలి తెల్ల పదార్థంలో ఆర్క్యుయేట్ ఫాసిక్యులస్ లాంటి నరాల కట్ట తెగితే మాట తిరిగి రావడం చాలా కష్టం.

ఆ మ్యాప్‌నే పూర్తిగా నమ్మొద్దు. ట్యూమర్ చుట్టూ వాపుంటే కట్ట ఉన్నా కనపడకపోవచ్చు. పుర్రె తెరిచాక మెదడు కాస్త జరుగుతుంది కూడా. మెలకువలో మాట్లాడిస్తూ చేసే సర్జరీ కుదురుతుందేమో కనుక్కోండి.

రోగికి వచ్చిన భాషలన్నీ చెప్పండి. ఒక్కదానిలోనే పరీక్షిస్తే రెండోది దెబ్బతినొచ్చు.

ముందే స్పీచ్ థెరపిస్ట్‌తో మాట పరీక్ష చేయించండి, తర్వాత పోల్చుకోవడానికి.

ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపొద్దు.

సర్జరీ అయిన కొత్తలో మాట తడబడితే ఇంట్లోవాళ్లకు టెన్షనే. వాపు వల్లనైతే వారాల్లో, నెలల్లో మెరుగవుతుంది. మాట ఉన్నట్టుండి ఇంకా దెబ్బతింటే మాత్రం వెంటనే డాక్టర్‌కు చెప్పాలి.