ముందు బ్రేక్ ప్యాడ్లు ఇంట్లో మార్చుకోవడం: అసలు పని పిన్నుల దగ్గరే

విశాఖలో బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఆరుబయట నిలిపే కార్లకి ఉప్పుగాలి తగిలి కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి అదిమే భాగం) జారడానికి ఉండే స్లైడ్ పిన్నులు, ప్యాడ్లు కూర్చునే బ్రాకెట్టు తుప్పు పడతాయి. అది వదిలేసి కొత్త ప్యాడ్లు వేస్తే డబ్బు దండగే.

చదునైన చోట హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. నట్లు చక్రం నేల మీద ఉండగానే వదులు చేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండు తప్పనిసరి.

చాలా కార్లలో కింది పిన్ను బోల్టు తీస్తే కాలిపర్ పైకి లేస్తుంది. దాన్ని బ్రేక్ ఆయిల్ గొట్టానికి వేలాడనివ్వకండి. పాత ప్యాడ్లు పక్కపక్కన పెట్టి చూడండి: లోపలిది 2 మిల్లీమీటర్లకి అరిగి, బయటిది 6 ఉంటే చాలావరకు పిన్ను బిగుసుకుపోయినట్టే. పిన్ను లాగి తుడిచి, సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. మామూలు గ్రీజు రాస్తే పిన్ను చుట్టూ ఉండే రబ్బరు ఉబ్బి, పిన్ను మళ్లీ పట్టేస్తుంది. బ్రాకెట్టు గాడిని వైరు బ్రష్షుతో లోహం మెరిసేదాకా గీకండి. కొత్త ప్యాడ్ వేలితో నెడితే జారాలి.

కాలిపర్ లోపల ప్యాడ్‌ని నెట్టే పిస్టన్‌ని సీ క్లాంపుతో (C ఆకారంలో ఉండే బిగింపు పనిముట్టు) నెమ్మదిగా వెనక్కి నొక్కండి. బ్రేక్ ఆయిల్ డబ్బా మీద ఓ కన్నేయండి, పొంగితే పెయింటు లేచిపోతుంది.

ముందు రెండు చక్రాలకీ ప్యాడ్లు మార్చాల్సిందే. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్కుకే (బిగింపు బలానికే) బిగించండి. బండి కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మరిస్తే మొదటి తొక్కుకి బ్రేక్ పడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద వేగాన్ని గంటకి 50 కిలోమీటర్ల నుంచి 20కి నిదానంగా ఎనిమిది, పదిసార్లు తగ్గించండి. అది అయ్యేదాకా సింహాచలం ఘాట్ వైపు వెళ్లొద్దు.