విశాఖ మీద డెస్టినేషన్ ఇమేజ్ సర్వే ఎలా చేయాలి?

టూరిజం, ఎంబీఏ ప్రాజెక్టుల గడువు దగ్గర పడిందంటే ఆర్కే బీచ్ నిండా క్లిప్‌బోర్డులే. గట్టు మీద కూర్చుని ముంత మసాలా తింటున్న వాళ్లని కదిపి ‘వైజాగ్ శుభ్రంగా ఉందాండీ, ఐదుకి ఎన్నిస్తారు?’ అని అడుగుతారు. వారం తిరక్కుండా 200 ఫారాలు నింపేస్తారు. ‘విశాఖపట్నానికి సానుకూల ఇమేజ్ ఉంది’ అని రాసి స్పైరల్ బైండింగ్‌కి ఇచ్చేస్తారు. అలా వచ్చేది ఆ సాయంత్రం వాళ్ల మూడ్. దానికి ఇమేజ్ అని పేరు పెడితే వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఒక ఊరి గురించి మనిషి మనసులో పేరుకున్న నమ్మకాలు, ఊహలు, ముద్రలు అన్నీ కలిపితే డెస్టినేషన్ ఇమేజ్. అందులో చాలా భాగం ఆ ఊళ్లో అడుగు పెట్టకముందే తయారవుతుంది. 1972లో గన్ అనే పరిశోధకుడు దీన్ని రెండుగా విడదీశాడు: వార్తలు, చదువు, తెలిసినవాళ్ల మాటల వల్ల దానంతటదే ఏర్పడేది ఒకటి, ప్రకటనలు పనిగట్టుకుని ఏర్పరిచేది మరొకటి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ తుఫాను దృశ్యాలు, 2020 మే 7 గ్యాస్ లీక్ వార్తలు టీవీలో చూసి, ఇప్పటివరకు విశాఖ రాని మనిషికి కూడా ఈ ఊరి మీద ఒక ఇమేజ్ ఉంటుంది. వచ్చి వెళ్లాక చెప్పే తృప్తి వేరే లెక్క. ఈ రెండింటినీ ఒకే ఫారంలో కలిపేయకండి.

ముందు తేల్చుకోవాల్సినవి

ఎవరి మనసులోని ఇమేజ్? ‘పర్యాటకులు’ అంటే చాలదు. కోల్‌కతా నుంచి పూజ సెలవుల్లో వచ్చే కుటుంబం, హైదరాబాద్ నుంచి వారాంతానికి దిగే కుర్రాళ్లు, సింహాచలం దర్శనానికి వచ్చే శ్రీకాకుళం, ఒడిశా భక్తులు: వీళ్లని కలిపి సగటు తీస్తే ఎవరి ఇమేజూ మిగలదు. ఇలాంటి ఒక్కో గుంపూ ఒక మార్కెట్. రెండు మార్కెట్లు, మహా అయితే మూడు ఎంచుకోండి.

ఏ విశాఖ? 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక అరకు, బొర్రా గుహలు, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. రైలెక్కి వచ్చేవాడికి ఆ సరిహద్దుతో పని లేదు, అతని లెక్కలో అరకు వైజాగే. ఇమేజ్ అతనిది కాబట్టి హద్దు కూడా అతనిదే. జిల్లా మ్యాపు పట్టుకుని అరకుని కొట్టేయమనే ప్రాజెక్టు గైడ్‌తో వాదించి గెలవాల్సిందే.

సరంజామా

కాగితం ఫారాలు, గట్టి అట్ట, రెండు పెన్నులు, ఫోన్‌లో రికార్డర్, సంస్థ నుంచి పరిచయ పత్రం. గూగుల్ ఫారం లింకు వాట్సాప్ గ్రూపుల్లోకి వదలడం సర్వే కిందికి రాదు. లెక్కలకి జమోవి గానీ జాస్ప్ గానీ చాలు, రెండూ ఉచితమే.

అసలు పని: అంశాల జాబితా

నూటికి తొంభై రిపోర్టులు పాడయ్యేది ఇక్కడే. ఎక్కడో మధ్యధరా దీవి మీద వచ్చిన పేపర్ తెరిచి, అందులోని పాతిక అంశాలు దించేసి, ఊరి పేరు మారుస్తారు. దాంతో విశాఖ ఫారంలో ‘నైట్‌లైఫ్’, ‘గోల్ఫ్ సౌకర్యాలు’ వచ్చి కూర్చుంటాయి. కుర్సురా జలాంతర్గామి మ్యూజియం, కొండలు దిగి సముద్రంలో కలిసిన దృశ్యం, నేవీ, ఉక్కపోత, సింహాద్రి అప్పన్న ఒక్కటీ ఉండవు. జనం మనసులో లేనివాటిని అడిగితే మర్యాదకి మూడో అంకె చుట్టేసి పోతారు.

జాబితా జనం నోటి నుంచే రావాలి. దానికి 1990ల మొదట్లో ఎక్ట్‌నర్, రిచీ అనే పరిశోధకులు వాడిన మూడు ప్రశ్నలే ఇప్పటికీ నికరం. సెలవులకి వెళ్లే చోటుగా విశాఖ అనుకోగానే మీ మనసులో ఏం మెదులుతుంది? అక్కడ వాతావరణం, మనసుకి తగిలే తీరు ఎలా ఉంటుందనుకుంటారు? అక్కడే ఉండి మరెక్కడా దొరకవనిపించేవి ఏమిటి? ఈ క్రమం మార్చకండి. మూడోది ముందు అడిగితే మొదటి ప్రశ్నకి కూడా కైలాసగిరి, కుర్సురా అని పేర్లే చెబుతారు.

ఒక్కో మార్కెట్ నుంచి 30 నుంచి 40 మందిని అడగండి. వాళ్లలో సగం మంది ఇంకా విశాఖ చూడనివాళ్లు అయ్యుండాలి. వరసగా ఐదుగురి దగ్గర కొత్త మాట రాకపోతే ఆపేయొచ్చు. జవాబు తట్టక ఎదుటివాళ్లు ఆగితే మీరూ ఆగండి. ‘బీచ్‌లు లాంటివి ఏమైనా?’ అని అందించారా, ఆ ఫారం చెత్తబుట్టకే, ఎందుకంటే ఇక మీదట వచ్చేదంతా మీ మాటే. చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ‘ఎండకి మాడిపోతాం గానీ సాయంత్రం గాలొస్తది’ అన్నదాన్ని ‘అనుకూల వాతావరణం’ అని సాఫు చేస్తే అందులో ఉన్న రెండు అంశాలూ పోయినట్టే.

తర్వాత కోడింగ్. ఇద్దరు విడివిడిగా కూర్చుని జవాబులని అంశాలుగా విడదీయాలి. ఒకరి కాగితం ఇంకొకరు చూడకూడదు. ఇద్దరి కోడింగ్ ఎంత కలిసిందో చెప్పే కప్పా విలువ 0.7 కంటే తక్కువొస్తే తేడా వచ్చిన చోట్ల మాట్లాడుకుని మళ్లీ మొదటి నుంచి చేయండి. ముగ్గురి కంటే తక్కువ మంది చెప్పిన అంశం వద్దు. ఎంత కత్తిరించినా 30 దాకా మిగులుతాయి, వాటిని 18 నుంచి 22కి దించాలి. అంతకు మించితే బీచ్‌లో నిలబడ్డ మనిషి రెండో పేజీ తిప్పడు.

దించేటప్పుడు జరిగే ఘోరం, రెండు అంశాలని ఒకే వాక్యంలో ఇరికించడం. ‘బీచ్‌లు శుభ్రంగా, సురక్షితంగా ఉంటాయి’ అన్నదానికి ఏం గుర్తు పెట్టాలి? రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చిందని విన్న మనిషి శుభ్రతకి ఐదు ఇస్తాడు. అదే మనిషి, అలల్లో కొట్టుకుపోయినవాళ్ల వార్త చదివి ఉంటే భద్రతకి రెండిస్తాడు. కలిపి అడిగితే మూడున్నర వస్తుంది, దాని మీద పేజీ నిండా విశ్లేషణ కూడా వస్తుంది, అర్థం మాత్రం సున్నా.

ఇంకో గుంట ‘తెలియదు’ గడి. విశాఖ చూడనివాళ్లకి తొట్లకొండ బౌద్ధారామం గురించి అభిప్రాయం ఉండకపోవచ్చు. తెలియదనే గడి లేకపోతే మధ్యలోని 3 చుట్టేస్తారు. అటూ ఇటూ కాని అభిప్రాయం వేరు, అసలు అభిప్రాయమే లేకపోవడం వేరు. గడి విడిగా పెట్టి, లెక్కల్లో దాన్ని ఖాళీగా వదలండి. ఏ అంశానికి ఎంత మంది తెలియదన్నారో ఆ శాతమే చాలాసార్లు రిపోర్టులో అన్నిటికంటే పనికొచ్చే అంకె, ప్రచారం ఎక్కడ చేరలేదో అదే చెబుతుంది.

హిందీ, బెంగాలీ, ఒడియా ఫారాలు కావాలంటే ఒకరు అనువదించాలి, మూలం చూడని ఇంకొకరు దాన్ని తిరిగి తెలుగులోకి తేవాలి. రెండు తెలుగు ప్రతులు పక్కపక్కన పెట్టి తేడా ఉన్న వాక్యాలు మార్చండి. ఆ తర్వాత 20 మంది మీద పైలట్, అంటే ఫారం పనిచేస్తుందో లేదో చూసే చిన్న సర్వే. పైలట్ ఫారాలని అసలు శాంపిల్‌లో కలపకండి.

ఫారం, ఫీల్డు

అంశాలకి ఐదు మెట్ల స్కేలు. భావాలకి మాత్రం ఎదురెదురు మాటల జంటలు నాలుగు, ఏడు మెట్లలో: ఆహ్లాదం–చికాకు, ఉల్లాసం–నీరసం, ప్రశాంతం–ఒత్తిడి, సందడి–స్తబ్దత. చివర మొత్తం ఇమేజ్ మీద ఒక ప్రశ్న. వయసు, ఆదాయం ఆఖర్నే, ముందే జీతం అడిగితే ఎవరూ నిలబడరు.

నడిచేవాళ్లని ఆపకండి, ఎదురుచూసేవాళ్లని అడగండి: ఆర్టీసీ కాంప్లెక్స్, కైలాసగిరి రోప్‌వే క్యూ, అనుమతి ఉంటే రైల్వే వెయిటింగ్ హాలు. నగరంలోని విమానాశ్రయం నేవీ ఆవరణలో ఉంది, లిఖిత అనుమతి లేకుండా అక్కడ ఫోన్‌లో రికార్డింగ్ మొదలుపెట్టి తంటాలు పడకండి. రైలు దిగుతున్నవాళ్లు, తిరుగు రైలు కోసం కూర్చున్నవాళ్లు రెండు వేర్వేరు గుంపులు, ఫారం మీద ముందే గుర్తు పెట్టండి. గాజువాక, మధురవాడ లాంటి చోట్ల ఉండే ఊరివాళ్లని మొదటి ప్రశ్నతోనే వడగట్టాలి. ఒక కుటుంబం నుంచి ఒక్కరే, అది కూడా పుట్టినరోజు అందరికంటే ముందు రాబోయేవాళ్లు. లేకపోతే ప్రతిసారీ ఇంటాయనే జవాబిస్తాడు. దసరా నుంచి సంక్రాంతి లోపు ఒక విడత, వేసవిలో ఇంకో విడత.

శాంపిల్ సంఖ్య దగ్గర 384 అని రాసి ఊరుకోవడం ఒక ఆచారమైపోయింది. 1.96 వర్గాన్ని 0.25తో హెచ్చించి 0.05 వర్గంతో భాగిస్తే వచ్చే అంకె అది. ఒక శాతాన్ని 5 పాయింట్ల తేడాలో అంచనా వేయడానికి, అదీ లాటరీ తీసినట్టు ఎంచుకున్న శాంపిల్‌కే వర్తిస్తుంది. బీచ్‌లో దొరికినవాళ్లని అడిగి ఆ సూత్రం చూపిస్తే నవ్వులపాలే. అంశానికి పదిమంది చొప్పున 20 అంశాలకి 200, మార్కెట్ల మధ్య పోలికకి ఒక్కోదానికి కనీసం 100: ఇలా రాయండి.

లెక్కలు

కలిసి నడిచే అంశాలని ఫ్యాక్టర్లనే గుంపులుగా చేర్చే ఫ్యాక్టర్ ఎనాలిసిస్ చేయండి. డేటా దానికి పనికొస్తుందో లేదో చెప్పే కేఎంఓ 0.6 దాటాలి, 0.4 కంటే తక్కువ లోడింగ్ (ఫ్యాక్టర్‌తో సంబంధం) వచ్చిన అంశాన్ని తీసేయాలి, ఒక ఫ్యాక్టర్‌లోని అంశాల పొంతన చెప్పే ఆల్ఫా 0.7 ఉండాలి. ఎన్ని ఫ్యాక్టర్లో, యాదృచ్ఛిక డేటాతో పోల్చి చూసే ప్యారలల్ ఎనాలిసిస్‌తో తేల్చండి. రొటేషన్‌కి, ఫ్యాక్టర్ల మధ్య సంబంధాన్ని ఒప్పుకునే ఆబ్లిమిన్ వాడండి, ఒప్పుకోని వారిమ్యాక్స్ వద్దు. ఊరి మీద మంచి అభిప్రాయం ఉన్నవాడికి తిండి మీద, జనం మీద కూడా మంచి అభిప్రాయమే ఉంటుంది, ఆ ఫ్యాక్టర్లకి సంబంధం లేదనుకోవడం కుదరదు.

వ్యాపార వ్యూహం అధ్యాయం

‘ప్రభుత్వం మౌలిక వసతులు మెరుగుపరచాలి’ అనే వాక్యం ఉన్న పేజీ చింపేయండి. ఇక్కడ తేలాల్సింది ఒకటే: అన్ని మార్కెట్లకీ ఒకే ప్రచారమా, ఒక్కోదానికి ఒక్కోటా? ప్రతి మార్కెట్‌కీ విడిగా ప్రాధాన్యం–పనితీరు పటం గీయండి, అంటే ఆ మార్కెట్ ఏ అంశానికి ఎంత విలువిస్తుందో, విశాఖకి ఎన్ని మార్కులు వేసిందో ఒకే చోట చూపించాలి. ప్రాధాన్యం అడిగే వరస ఫారంలోనే ఉండాలి సుమా, తర్వాత ఊహించి గీయడం కుదరదు.

విదేశీ మార్కెట్ కావాలంటే జాగ్రత్త. ఆంధ్రా యూనివర్సిటీలో ఏళ్లతరబడి చదువుతున్న విదేశీ విద్యార్థి, ఓడలో పనిచేసే నావికుడు పర్యాటకుల లెక్కలోకి రారు. ఐక్యరాజ్యసమితి నిర్వచనం ప్రకారం బస ఏడాది లోపు ఉండాలి, ఇక్కడి సంస్థలో ఉద్యోగం కోసం వచ్చి ఉండకూడదు. బొజ్జన్నకొండ, బావికొండలని శ్రీలంక, జపాన్ బౌద్ధులకి చూపించాలన్న ఆలోచన ఉంటే, సర్వే ఆ దేశాల్లో ఉన్నవాళ్ల మీద జరగాలి.

దేశాల సగటులని నేరుగా పోల్చకండి. కొన్ని చోట్ల జనం స్కేలు చివరలకి పోతారు, కొన్ని చోట్ల మధ్యలోనే ఆగుతారు. ప్రశ్నలు రెండు చోట్లా ఒకేలా పనిచేస్తున్నాయో లేదో మెజర్‌మెంట్ ఇన్వేరియెన్స్ పరీక్షతో ముందు చూడాలి. అది పాస్ కాకపోతే సగటుల పట్టిక పెట్టొద్దు, ఒక్కో దేశంలో అంశాల వరస క్రమం మాత్రం ఇచ్చి, మూడు ప్రశ్నలకి వాళ్లు చెప్పిన మాటలు దాని పక్కనే ఉన్నదున్నట్టు వేయండి.